ఇల్లే బడి కావచ్చునా?

1

తన బిడ్డకు తానే చదువు చెప్పుకుంటానని ఒక తల్లి అంటే, కాదనే హక్కు సమాజానికి ఉన్నదా? బిడ్డ తల్లిదండ్రుల సొత్తు కాదని మనం ఎన్నో వేదికల మీద చెప్పాం. అయితే ప్రభుత్వం సొత్తా? బడి సొత్తా? ఎవరి సొత్తూ కాని మనిషికి, తన మేలు తాను తేల్చుకునే వయసు రాకముందు, ఆ మేలును ఎవరు తేల్చాలి?

హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ పెద్ద జీతాల ఉద్యోగస్తుల ఇళ్ళలో ఈ మధ్య "హోమ్‌స్కూలింగ్" అనే మాట బాగా వినిపిస్తున్నది. అక్కడ అది కొంత అవసరం, కొంత ఆడంబరం. దాన్ని గురించి వ్యాసం రాయవలసిన పని నాకు కనిపించదు. కాని అదే మాట వికారాబాదులో రెండు గదుల ఇంట్లో, తాండూరులో నా దగ్గర బి.ఏ. చదువుకున్న ఒక యువతి నోట విన్నాను. ఆమె భర్త రైల్వేలో చిన్న ఉద్యోగి. ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు. కొడుక్కు వచ్చే జూన్‌లో ఆరో ఏడు నిండుతుంది. కూతురికి మూడేళ్ళు. కొడుకును ఒక ఏడాది ఒక ప్రైవేటు బడికి పంపి, మానిపించి, ఇప్పుడు ఇంట్లోనే తానే చెబుతున్నది. "మేడం, నేను చేస్తున్నది తప్పా?" అని ఆమె నన్ను అడిగింది.

ఈ ప్రశ్న మా కాలేజీ మిత్రుల దగ్గర పెట్టాను. ఒకాయన వెంటనే "ఇది మధ్యతరగతి వ్యక్తివాదం" అన్నాడు. ఇంకొకామె "తల్లి మనసు మీకేం తెలుసు?" అన్నది. మొదటి మాటలో సిద్ధాంతం ఉన్నది గాని మనిషి లేదు. రెండో మాటలో మనిషి ఉన్నది గాని తక్కిన మనుషులు లేరు. ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది.

2

ముందు ఆ ఇంట్లో జరుగుతున్నదేమిటో చూడాలి. చూడకుండా తీర్పు చెప్పడం మన విమర్శకులకు అలవాటే గాని, అది మంచి అలవాటు కాదు.

పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెడుతుంది. నడిమి వరుసలో ఏడు చుక్కలు. దానికి పైనా కిందా అయిదు, మూడు, ఒకటి. పిల్లవాడు పక్కన గొంతుక్కూచుని లెక్కపెడతాడు. మొత్తం ఇరవై అయిదు. ఒకనాడు ఆమెకే ఒక సంగతి తట్టింది: పైన ఒకటీ మూడూ అయిదూ కలిస్తే తొమ్మిది, మూడు మూళ్ళు, మిగిలినవి పదహారు, నాలుగు నాలుగులు, రెండూ కలిస్తే అయిదు అయిదులు. "మేడం, నాకు పదో తరగతిల లెక్కలంటే భయం. గిది నాకెవ్వరు చూపియ్యలే" అన్నది.

వంటింట్లో అత్తగారి పాత కొలతలు ఇంకా ఉన్నాయి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. కుంచానికి పదహారు సోలలని ఆ పిల్లవాడు బియ్యం పోసి, కింద పారబోసి, నాయనమ్మ చేత తిట్లు తిని నేర్చుకున్నాడు. నాయనమ్మది తాండూరు అవతల, కర్ణాటక సరిహద్దు పల్లె. ఆమె నోట మూడు భాషలు కలిసి వస్తాయి. చాటలో కందులు చెరుగుతూ ఆమె చెప్పిన పేర్లు పిల్లవాడికి కంఠతా వచ్చు: మనకు కంది, కన్నడంలో తొగరి, ఉర్దూ వాళ్ళకు తూర్. జొన్నకు కన్నడంలో జోళ, ఉర్దూలో జవార్. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం పత్రికల్లో చదివాం. ఆ గింజ ఎన్ని భాషల వాళ్ళ చేతుల మీదుగా బజారుకు చేరుతుందో ఆ పిల్లవాడు చాట దగ్గరే తెలుసుకున్నాడు.

ఇంట్లో పరిచినది షాబాదు బండ. తాండూరు గనుల్లో తీసే నాపరాయి కూడా అదే జాతి. ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురద అని, కోట్ల ఏళ్ళనాటిదని ఆమె ఒక పుస్తకంలో చదివి కొడుక్కు చెప్పింది. అప్పటినుంచి వాడు "మనం సముద్రం మీద పండుకుంటున్నం" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఆదివారం నాడు నలుగురూ అనంతగిరికి పోతారు. అక్కడ పుట్టిన మూసీ హైదరాబాదు పోతుందని, ఇటు పడమరకు పోయే నీళ్ళు కాగ్నాలో పడి భీమా నదికి పోతాయని, చివరికి రెండూ కృష్ణలోనే కలుస్తాయని కర్రతో నేల మీద గీసి చూపిస్తుంది.

ఆమెకు తనవంటూ కొన్ని సరదాలున్నాయి. గ్రంథాలయం నుంచి నవలలు తెచ్చుకుంటుంది. పాత చీరలతో బొంతలు కుడుతుంది. అత్తగారు వాడే మాటలను ఒక నోటుబుక్కులో రాసి పెడుతుంది. అందులో మా తెలుగు శాఖకు పనికివచ్చే మాటలు చాలా ఉన్నాయి. ఈ సరదాల సంగతి మళ్ళీ ప్రస్తావిస్తాను.

ఇదంతా చూసిన తరువాత ఇది చదువు కాదని ఎవరూ అనలేరు. మన శిక్షణ కళాశాలల్లో ఉపన్యాసాలుగా చెప్పేది ఈ ఇంట్లో పనిగా జరుగుతున్నది.

3

బడి మీద ఆమె చేసే ఆరోపణలు కూడా తేలికగా తీసివేయదగ్గవి కావు. పిల్లవాడు వెళ్ళిన ప్రైవేటు బడిలో నాలుగేళ్ళవాడికి రోజుకు నాలుగు పేజీల ఇంటిపని. తెలుగులో మాట్లాడితే బెంచీ ఎక్కించి నిలబెట్టడం. మూడు భాషలు వచ్చిన పిల్లవాడు ఆరు నెలల్లో మూడింటిలోనూ మాట్లాడటం తగ్గించాడు. "నేను బడి వద్దంటలేను మేడం. గా బడి వద్దంటున్న" అంటుంది.

మరి ప్రభుత్వ బడి? ఒకే పంతులు అయిదు తరగతులను ఒకే గదిలో కూచోబెట్టుకునే బడులు ఈ ప్రాంతంలో మనం ఎరుగనివి కావు. 2022–23 నుంచి అక్కడ కూడా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పంతులుకు రాని భాషలో పిల్లవాడికి తెలియని సంగతి చెప్పవలసిన అవస్థ అది. 2022, 2024 అసర్ సర్వేల ప్రకారం గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు. అయిదేళ్ళు బడిలో కూచున్న తరువాతి ఫలితం ఇది. ఈ లెక్క ముందు పెట్టుకుని "బడికి పంపు" అని ఆ తల్లికి చెప్పాలంటే కొంచెం గొంతు సవరించుకోవలసి వస్తుంది.

బడి పిల్లవాణ్ణి చంపుతుందని అన్నవాళ్ళు పెద్దవాళ్ళే. బడి గోడల మధ్య ఇమడలేక బయటికి వచ్చిన రవీంద్రుడు 1901లో శాంతినికేతనంలో చెట్ల కింద బడి పెట్టాడు. బడుల తనిఖీ ఉద్యోగమే చేసిన చలం "బిడ్డల శిక్షణ" రాసి, పిల్లల మీద పెద్దల అధికారాన్నే ప్రశ్నించాడు. అమెరికాలో పంతులుగా పనిచేసిన జాన్ హోల్ట్, పిల్లలు ఎందుకు విఫలమవుతారో 1964లో ఒక పుస్తకం రాశాడు. మొదట బడిని బాగుచేయాలన్న ఆ మనిషే చివరికి ఆ ఆశ వదులుకుని, ఇంటి దగ్గరే చెప్పుకోండని తల్లిదండ్రులకు సలహా ఇచ్చేదాకా పోయాడు.

కాని ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటున్నది. రవీంద్రుడు బడిని విడిచి ఇంకొక బడి పెట్టాడు. హోల్ట్ బడిని విడిచి ఇంటికి పోయాడు. రెండూ ఒకటి కావు. మొదటిది బడి మీద విమర్శ. రెండోది బడి మీద ఆశ వదులుకోవడం. వదులుకోవడానికి ఇల్లంటూ ఒకటి ఉన్నవాడే అట్లా వదులుకోగలడు.

4

ఈ ప్రశ్నకు మన నేల మీద ఒక చరిత్ర ఉన్నది. దాన్ని విడిచిపెట్టి బోస్టన్ వాదాలను వికారాబాదుకు దింపితే లాభం లేదు.

నిజాం రాజ్యంలో ఉన్నత పాఠశాలలో చదువంటే ఉర్దూ చదువు. తెలుగు పిల్లవాడు తెలుగులో చదవాలంటే ఇంటి దగ్గరో, ఊళ్ళో ఖాన్గీ బడిలోనో చదువుకోవాలి. ఆ ఖాన్గీ బడులకు కూడా సర్కారు అనుమతులూ ఆంక్షలూ పెట్టింది. మాతృభాషలో చదువు కావాలని, ఖాన్గీ బడుల మీది ఆంక్షలు తీసివేయాలని ఆంధ్ర మహాసభ అడుగుతూ వచ్చింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి మహాసభ జరిగింది. అంతకు రెండేళ్ళ ముందే, 1928లో, మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పాడు. ఆనాటివాళ్ళు ఇంటి చదువుతో సరిపెట్టుకుని ఉండవచ్చు. సరిపెట్టుకోలేదు. నలుగురి పిల్లలు కలిసి చదువుకునే చోటు కోసమే వాళ్ళు సర్కారుతో తగువుపడ్డారు.

ఇంట్లోనే చదువుకుని గొప్పదైన స్త్రీ మనకు లేదా అంటే ఉన్నది. భండారు అచ్చమాంబ (1874–1905) బడి మెట్లెక్కలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే అతనితోపాటు ఇంట్లోనే నేర్చుకున్నది. కథలు రాసింది, స్త్రీల చరిత్రలు సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" వెలువరించింది. ఇంటి చదువును సమర్థించేవాళ్ళు ఆమె పేరు చెప్పుకోవచ్చు. కాని ఆమె ఇంటిని కోరి ఎంచుకోలేదు. ఆడపిల్లకు బడి లేదు గనుక ఇల్లే గతి అయింది. చదువు చేతికి రాగానే ఆమె చేసిన మొదటి పనుల్లో ఒకటి ఇల్లు దాటి స్త్రీ సమాజాలు పెట్టించడం. తనకు తమ్ముడి దయవల్ల దొరికినది తక్కిన స్త్రీలకు దయ అవసరం లేకుండా దొరకాలని ఆమె కోరుకున్నది.

ఇక మన కాలానికి వస్తే, వికారాబాదు, తాండూరు 2016 అక్టోబరు దాకా రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాలోనే 1991 నుంచి శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు పొలాల్లో, పశువుల వెంట, ఇంటి చాకిరీలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చే పని ప్రారంభించారు. వాళ్ళ సూత్రం ఒకటే: బడి బయట ఉన్న ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే. ఆ సూత్రం మొదట చాలామందికి అతిశయోక్తిగా కనిపించింది. కూలికి పోని పిల్ల ఇంట్లోనే ఉంటే ఆమె కార్మికురాలెట్లా అవుతుందన్నారు. కాని ఆ ఇంట్లోకి తొంగిచూస్తే సంగతి తెలిసేది. తొమ్మిదేళ్ళ పిల్ల చంకలో తమ్ముడు, పొయ్యి మీద గంజి, పక్కన కట్టెల మోపు. "ఇంట్లో ఉన్నది" అన్న మాట వెనక ఎంత పని దాగి ఉన్నదో ఆ ఉద్యమం బయటపెట్టింది. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆశ లేదన్న పెద్దమనుషుల మాట అబద్ధమని కూడా రుజువు చేసింది. ఆ పనికి శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం వెనక ఇటువంటి ఉద్యమాలెన్నో ఉన్నాయి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టం 10వ సెక్షన్ చెబుతుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు శిక్ష ఏమీ రాయలేదు. అది మంచిదే. శిక్ష రాస్తే అది ముందు పడేది కూలివాడి నెత్తినే.

ఈ చరిత్ర ఉన్న చోట "మా పిల్లవాణ్ణి ఇంట్లోనే ఉంచుతాం" అన్న మాట అమాయకమైన మాట కాజాలదు. అన్నవాళ్ళు అమాయకులే కావచ్చు. కాని అదే మాటను నాపరాళ్ళ గనిలో మేస్త్రీ అంటాడు, పత్తి చేను గలాయన అంటాడు, పన్నెండేళ్ళ కూతురికి సంబంధం చూస్తున్న తండ్రి అంటాడు. ఇంట్లో ఉన్న పిల్లల్లో చదువుకునే వారెవరో, చాకిరీ చేసేవారెవరో తలుపు బయట నిలబడ్డవాడికి ఎట్లా తెలుస్తుంది? ఆ తలుపు తట్టే అధికారం ముప్పై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్నాం. ఒక మంచి ఇంటి కోసం దాన్ని వదులుకుంటే, నూరు చెడ్డ ఇళ్ళకు గడియ బిగించినట్టవుతుంది.

5

ఇప్పుడు ఇంతకంటె లోతైన సంగతికి వస్తాను. ఇల్లు బిడ్డకు ఏమి ఇవ్వలేదు?

రూసో 1762లో "ఎమీల్" రాశాడు. అందులో పిల్లవాణ్ణి సమాజపు దుర్గుణాలు అంటకుండా ఒక్క గురువు దగ్గర ఒంటరిగా పెంచుతారు. (సొంత బిడ్డలను ఆయన అనాథ శిశువుల ఆశ్రమానికి పంపించాడన్నది వేరే సంగతి.) ముప్పై ఏళ్ళ తరువాత, 1792లో, మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ దానికి ఎదురు నిలిచింది. ఎప్పుడూ పెద్దల మధ్యనే పెరిగే పిల్లలకు సొంతంగా ఆలోచించే శక్తి చచ్చిపోతుందని, తమ సమానుల మధ్యనే అది పెరుగుతుందని ఆమె వాదం. ఆడా మగా, బీదా గొప్పా ఒకే పగటి బడిలో కలిసి చదవాలని ఆమె కోరింది. మన దేశంలో 1964–66 కొఠారీ కమిషన్ చెప్పిన ఉమ్మడి పాఠశాల, ఇరుగుపొరుగు పాఠశాల ఆశయం కూడా ఇదే దారిలోది.

మన దేశంలో దీనికి ఇంకొక అర్థం కూడా ఉన్నది. ఇల్లంటే మన దగ్గర నాలుగు గోడలు మాత్రమే కాదు, కులం కూడా. ఇంటికి వచ్చేవాళ్ళెవరో, ఎక్కడిదాకా వస్తారో, ఏ చెంబుతో నీళ్ళు తాగుతారో, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే పిల్లవాడు నేర్చుకుంటాడు. నా విద్యార్థిని ఇంట్లో కులద్వేషం లేదు. అయినా ఆ ఇంట్లో పిల్లవాడి పక్కన కూచుని అన్నం తినేవాళ్ళందరూ పుట్టుకతో దొరికినవాళ్ళే. తాను పుట్టుకతో పొందని మనిషిని పిల్లవాడు మొదట కలుసుకునే చోటు బడి. సుప్రీంకోర్టు 2001లో ఉత్తరువిచ్చిన తరువాత బళ్ళలో వండిన మధ్యాహ్న భోజనం వచ్చింది. ఆ అన్నం రుచి గురించి ఎన్ని ఫిర్యాదులైనా ఉండనీయండి. నాపరాళ్ళ కార్మికుడి కూతురూ కిరాణాకొట్టు యజమాని కొడుకూ ఒకే వరుసలో కూచుని తినే చోటు మన ఊళ్ళో ఇంకొకటి చూపించండి. కిరాణాకొట్టు యజమాని కొడుకు ఆ వరుసలోంచి ఎప్పుడో లేచిపోయాడని మీరంటారు. నేనూ అదే అంటున్నాను. లేచిపోవడమే ఇక్కడి సమస్య.

బడిలో కులం లేదా? అంబేద్కర్‌ను గోనెపట్టా మీద వేరుగా కూచోబెట్టింది బడే. ఇప్పటికీ పిల్లల్ని వరుసలు విడదీసే బడులున్నాయి. కాని బడిలో జరిగితే అది అన్యాయమని ఫిర్యాదు చేయవచ్చు. కలెక్టరు దాకా, కోర్టు దాకా పోవచ్చు. అదే ఇంట్లో జరిగితే అది మా ఆచారం. బడి అన్యాయం చేస్తే జవాబు చెప్పవలసిన సంస్థ. ఇల్లు ఎవరికీ జవాబు చెప్పదు.

6

ఇక తల్లి సంగతి. ఈ చర్చలో అందరూ బిడ్డ గురించే మాట్లాడతారు. ఇల్లు బడి అయితే పంతులెవరు? జీతమెంత? సెలవులెప్పుడు?

2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఈ అయిదు గంటల మీద ఇప్పుడు ఒక ఉద్యోగం అదనంగా వచ్చి పడింది. ఆ భర్త మంచివాడే. పుస్తకాలు కొనిపెడతాడు, ఆదివారం గుట్టకు తీసుకుపోతాడు. తక్కిన ఆరు రోజులు బడి నడిపేది ఆమె. బి.ఎడ్. చేసి పంతులమ్మ కావాలని నా దగ్గర చదివే రోజుల్లో ఆమె కోరిక. ఆ కోరిక తీరినట్టే తీరి, ఇద్దరు పిల్లల దగ్గర ఆగిపోయింది.

ఆమె సరదాల గురించి మళ్ళీ చెబుతానన్నాను. ఇప్పుడు బొంత కుడితే అది ఆకారాల పాఠం. నవల చదివితే అందులో పిల్లవాడికి చెప్పదగ్గ కథ ఉన్నదా అని వెతుకుతుంది. అత్తగారి మాటల నోటుబుక్కు పిల్లవాడి పదజాలపు పుస్తకం అయింది. అనంతగిరిలో ఊరికే కూచుని చెట్లను చూసిన ఆదివారం ఎప్పుడని అడిగితే చాలాసేపు ఆలోచించింది. సరదా అంటే ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని పని. పాఠం అయిన మరుక్షణం అది సరదా కాకుండాపోతుంది. ఆదర్శ మాతృత్వం స్త్రీకి మిగిలిన చివరి గంటను కూడా పిల్లవాడి ఖాతాలో జమకడుతుంది. పూర్వం దీన్ని పాతివ్రత్యం పేరుతో చేశారు. ఇప్పుడు శిశు మనస్తత్వ శాస్త్రం పేరుతో చేస్తున్నారు.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా బడులు మూతపడినప్పుడు అన్ని ఇళ్ళూ బడులు కావలసి వచ్చింది. ఆ సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళలో పాఠాలు వచ్చాయి. టీవీ ఉన్న ఇల్లు, లేని ఇల్లు. ఫోను ఉన్న పిల్లవాడు, అదే ఫోను పట్టుకుని తండ్రి పనికి పోతే లేని పిల్లవాడు. చదివి చెప్పగల తల్లి, వేలిముద్ర తల్లి. ఒకే తరగతి పిల్లలు ఒక్క ఏడాదిలో ఎన్ని తరగతులుగా విడిపోయారో పంతుళ్ళందరికీ తెలుసు. ఇల్లే బడి అయిన దేశం ఎట్లా ఉంటుందో మనం చూసే ఉన్నాం.

7

ఇదంతా ఆమెకు చెప్పాను. ఆమె విన్నది. విని అడిగిన ప్రశ్నకు నా ఈ వ్యాసంలో ఉన్న వాదాలన్నిటికంటె బరువున్నది: "అంటే, బడి బాగుపడుటానికి నా కొడుకును పందెం కట్టమంటరా మేడం?"

దీనికి తేలికైన జవాబు లేదు. సమాజం కోసం నీ బిడ్డను త్యాగం చెయ్యి అనే హక్కు ఎవరికీ లేదు. నాకు పిల్లలు లేరు గనుక ఆ మాట అనడం నాకు మరీ సులభం. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాను. పిల్లవాణ్ణి కొట్టే చోట, అవమానించే చోట, కులం పేరుతోనో అంగవైకల్యం పేరుతోనో వేరుచేసే చోట ఒక్కరోజు కూడా ఉంచమని నేననను. అటువంటి బడి నుంచి బిడ్డను తీసుకువచ్చే తల్లి చేసేది న్యాయమే.

కాని ఆమె ఎదుట ఉన్నది అటువంటి బడి కాదు. వీధి చివరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల నిరుపేద బడి, క్రూరమైన బడి కాదు. ఆ బడిలో ఇప్పటికే పిల్లలున్నారు. వాళ్ళను పందెం కట్టేటప్పుడు ఎవరూ వాళ్ళ తల్లుల్ని అడగలేదు. అందరిలోకీ తక్కువ పోగొట్టుకునేది ఈమె కొడుకే. ముగ్గులో లెక్కలూ, బండలో సముద్రమూ చూపించే తల్లి సాయంత్రం ఇంటి దగ్గర ఉన్నవాడు అధ్వాన్నపు బడిని కూడా తట్టుకోగలడు. అటువంటి తల్లి లేని పిల్లకు బడి తప్ప వేరే దిక్కు లేదు. ఆ బడిలో పంతులు ఎందుకు ఒక్కడే ఉన్నాడని అడగగల తల్లి ఒక్కతె ఉన్నా ఆ పిల్లకు అది పెద్ద అండ. అడగడం చేతనైనవాళ్ళందరూ ఒక్కొక్కరే తమ బిడ్డల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోవడం వల్లనే బడి ఈ గతికి వచ్చింది. డబ్బున్నవాడు ప్రైవేటు బడికి వెళ్ళాడు. తెలివి ఉన్నది ఇంటికి వెళ్ళింది. ఇద్దరి ఉద్దేశాలూ వేరు. బడికి జరిగిన నష్టం ఒక్కటే.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది స్త్రీలుండాలి. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. బడి మరమ్మతులు చూడటం వరకు తల్లులను పిలిచారు. గోడకు సున్నం సంగతి తల్లిని అడిగినవాళ్ళు, పాఠం సంగతి ఎందుకు అడగకూడదు? ముగ్గు లెక్క, సోల తవ్వల లెక్క, కంది-తొగరి-తూర్ పాఠం ఆ బడి గదిలోకి రావాలి. అవి ఒక ఇంట్లో ఉంటే ఒక పిల్లవాడి అదృష్టం. బడిలో ఉంటే అందరి హక్కు. ఇది కూడా ఆమె ఒక్కతె నెత్తిన పెట్టే ఊడిగం కాకూడదు. జీతమిచ్చి చేయించుకోవలసిన పనికి తల్లి ప్రేమ అని పేరు పెడితే మళ్ళీ మొదటికే వస్తాం. ఆమె బి.ఎడ్. చదవాలి. ఆ సమయంలో ఇంటి పని ఎవరు చేస్తారన్నది ఆమె భర్త తేల్చుకోవలసిన సంగతి.

ఆమె ఇంకా నిర్ణయించుకోలేదు. జూన్ దాకా సమయమున్నది. ఆలోచిస్తానని అంటూ ఇంకొక మాట అడిగింది: "మీ కాలేజి సార్ల పిల్లలు ఏ బడిల సదువుతున్నరు మేడం?"

ఈ పత్రిక చదివే ఉపాధ్యాయ మిత్రులకు ఆ ప్రశ్నను అట్లాగే అందజేస్తున్నాను. ఆమెను వ్యక్తివాది అన్న మిత్రుడు ప్రభుత్వ జీతం తీసుకుని, ప్రభుత్వ కాలేజీలో ఉమ్మడి పాఠశాల గురించి ఉపన్యసించి, ఏటా లక్ష రూపాయల ఫీజు ప్రైవేటు బడిలో కట్టి వస్తున్నాడు. అతనితో పోలిస్తే ఆ తల్లి వెయ్యిరెట్లు నిజాయితీపరురాలు. బడి తప్పు చూసింది, తన శ్రమ పెట్టి దానికి మారు వెతికింది. ఆమె వెతికిన మారు చాలదని నేనంటున్నాను. కాని ఆ మాట ఆమెకు చెప్పే అర్హత, తమ బిడ్డను ఆమె కొడుకు పక్కన అదే బెంచీ మీద కూచోబెట్టడానికి సిద్ధపడినవాళ్ళకే ఉంటుంది. అభ్యుదయవాదులమని చెప్పుకునే ఉపాధ్యాయులు ఒక్క వికారాబాదు జిల్లాలో ఆ పని చేసినా, జూన్‌లో ఆ తల్లికి నిర్ణయం ఇంత కష్టమయ్యేది కాదు.